పారాణి ఒక్కటే ఎరుపు, మిగతాదంతా నలుపు తెలుపు: ఫోటోకు ఇది మేలా, చేటా?

గోరింట:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్ నమూనా నిన్న చేతికొచ్చింది. పుటలు తిప్పుతూ వస్తుంటే సన్నికల్లు తొక్కించిన ఘట్టం దగ్గర ఇంటిల్లిపాదీ ఆగిపోయాం. చెల్లెలి కుడి పాదం రాతి మీద ఉంది, మా మరిది గారు వంగి మెట్టె తొడుగుతున్నారు, చుట్టూ మధుపర్కాల అంచులు తప్ప మరేమీ కనిపించదు. డిజైనరు ఆ ఫోటోలో పాదం చుట్టూ ఉన్న పారాణిని మాత్రం ఎర్రగా ఉంచి, తక్కినదంతా నలుపు తెలుపులోకి మార్చారు.

తొలిచూపులో నాకు చాలా బాగుందనిపించింది. చెల్లెలైతే మురిసిపోయి ఆ పుటనే ఫోనులో ముఖచిత్రంగా పెట్టుకుంది. మా నాయనమ్మ మాత్రం కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "పాదాలకు ఆ బూడిద ఎవరు పూశారే?" అని అడిగారు. అది బూడిద కాదు, పసుపు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆ ఫోటోలో బూడిద తప్ప మరొకటి కనిపించడం లేదు. అచ్చుకు పంపడానికి ఐదు రోజులే గడువు ఉంది. డిజైనరు ఇచ్చిన ప్రతినీ, ఫోటోగ్రాఫరు పంపిన రంగుల ప్రతినీ ఇక్కడ జతచేస్తున్నాను. ఇలా ఒక రంగును ఉంచి మిగతావాటిని తీసేయడం ('సెలెక్టివ్ కలర్' అంటారట) వల్ల ఫోటో నిజంగా మెరుగుపడుతుందా, లేక చెడుతుందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సున్నానుంచి255:
గోరింట గారూ, ముందుగా పేరు దగ్గర ఉన్న చిక్కు విప్పుకుందాం. 'సెలెక్టివ్ కలర్' అన్న మాటతో మనం రెండు వేర్వేరు పనులను పిలుస్తున్నాం. ఫోటోషాప్‌లో ఆ పేరుతో ఉన్న సాధనం అచ్చు పని నుంచి వచ్చింది. అది రంగులను ఎరుపులు, పసుపులు మొదలుకొని తెలుపులు, తటస్థ వర్ణాలు, నలుపుల దాకా తొమ్మిది వర్గాలుగా విడదీసి, ఒక్కొక్క వర్గంలో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల పాళ్లను విడిగా మార్చుకోనిస్తుంది. ఎరుపుల్లో సయాన్ కాస్త తగ్గిస్తే ఎరుపు తేటపడుతుంది, అంతే. ఏ రంగూ చావదు. మీ డిజైనరు చేసినది రెండో పని. ఒక రంగును నిలిపి మిగతా అన్నింటినీ తీసేసే ఈ పద్ధతి 2000ల మధ్యకాలంలోనే కానన్ పవర్‌షాట్ కెమెరాల్లో 'కలర్ యాక్సెంట్' అనే పేరుతో ఉండేది, 2018లో గూగుల్ ఫోటోస్ 'కలర్ పాప్' పేరుతో దీన్ని ఫోన్లలోకి తెచ్చింది. మొదటిది దాదాపు ప్రతి మంచి ఫోటోకూ ఏదో ఒక మోతాదులో జరిగేదే కనుక, మన చర్చ రెండో దాని గురించే అనుకుంటున్నాను.

ఇక మీ నాయనమ్మ గారి మాట. ఆవిడ చూపు చాలా కచ్చితమైనది. రంగును బూడిద ఛాయగా మార్చేటప్పుడు వాడే పాత ప్రామాణిక సూత్రంలో ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 పాళ్లు ఉంటాయి. మీరు పెట్టిన రంగుల ప్రతిలో పాదం మీది పసుపును, సున్నా నుంచి 255 దాకా ఉండే వెలుగు కొలతలో, కొలిచాను: ఎరుపు 230, ఆకుపచ్చ 180, నీలం 40. సూత్రం ప్రకారం అది 179 అవుతుంది. పక్కనే పసుపు అంటని చర్మం 190, 140, 110. అది 152 అవుతుంది. అంటే చర్మం కన్నా లేతగా, వెచ్చదనం పూర్తిగా పోయి, పైన అద్దినట్టున్న ఒక పొడి పూత మిగులుతుంది. మన కళ్లకు అలవాటైన వస్తువుల్లో ఆ లక్షణాలున్నది విభూతి ఒక్కటే. రంగు తీసేస్తే ఆ వస్తువు ఊరికే రంగులేనిది అవుతుందని అనుకుంటాం గానీ, చాలాసార్లు అది మరో వస్తువు అయిపోతుంది.

కల్లంగట్టు:
నేను కొంత ఎదురు చెప్పవలసి ఉంది. ఈ పద్ధతిని చులకన చేయడం ఫోటోగ్రాఫర్లలో ఒక అలవాటుగా మారింది, అది న్యాయం కాదు.

మాది గుంటూరు వైపు. ప్రతి ఏడూ మాఘ ఫాల్గుణ మాసాల్లో మిరప కల్లాల్లో ఫోటోలు తీస్తుంటాను. ఎండిన కాయల రాశి పక్కన ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు కాయలు ఏరుతుంటారు. తాలు అంటే రంగు తేలిపోయి పాలిపోయిన కాయ. మేలు కాయలో అది కలిస్తే ధర పడిపోతుంది. ఆ ఏరివేత పూర్తిగా కంటితో, రంగును బట్టి జరిగే పని. నేను తీసిన ఒక ఫోటోలో ముందు వరసలో ఉన్నావిడ కట్టిన చిలకాకుపచ్చ చీర, వెనక నీలం పట్టా, పక్కన గులాబీ రంగు ప్లాస్టిక్ బిందె, ఇవన్నీ కలిసి చూపును లాగేసుకుంటున్నాయి. చేతిలోని తాలు కాయ ఎవరికీ కనబడడం లేదు. ఎరుపును మాత్రం ఉంచి మిగతాది తీసేసినప్పుడు ఏం జరిగిందో చూడండి: ఎర్రటి రాశి మధ్యలో ఆవిడ వేళ్ల సందున పట్టుకున్న ఒకే ఒక్క కాయ బూడిద రంగులో తేలింది. ఆవిడ రోజంతా దేనికోసం వెతుకుతోందో ఆ ఫోటో ఒక్క క్షణంలో చెప్పింది. ఆ పనిని అలా చూపించగలిగిన మరో పద్ధతి నాకు ఇప్పటికీ దొరకలేదు.

మొత్తం నలుపు తెలుపు చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మిరప విషయంలో సరిపోదు. పొలంలో పండిన కాయను, దాని పక్క ఆకును కొలిచి చూడండి, చాలాసార్లు రెండూ దాదాపు ఒకే బూడిద ఛాయలోకి వస్తాయి. నా దగ్గరున్న ఒక చిత్రంలో కాయ 74, ఆకు 75. చెట్టు నిండా కాయలుండగా ఒక్కటీ కనిపించదు.

చీకటిగది:
గోరింట అమ్మాయికి ఆశీస్సులు. మా నాన్నగారు భీమవరంలో స్టూడియో నడిపారు, ఆయన తరువాత నేను నడిపాను. ఇప్పుడు మీరు కొత్త పద్ధతి అనుకుంటున్న దానికి మేము బల్ల మీద చేత్తో చేసిన పని ముత్తాత వరస అవుతుంది. అందువల్ల నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫోటోకు రంగులద్దడం ఫోటోగ్రఫీ అంత పాతది. 1840లలోనే ఐరోపాలో డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటో పలకల మీద బుగ్గలకూ పెదవులకూ రంగు పొడి అద్దేవారు. మన సంస్థానాల్లోనూ రంగులద్దిన ఫోటోలకు గొప్ప ఆదరణ ఉండేది. రాజా దీన్‌దయాళ్ గారు 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పనిచేసిన కాలం నాటికే, ఫోటో మీద కుంచె పట్టడం ఈ దేశంలో ఒక వృత్తిగా స్థిరపడింది.

మా స్టూడియోలో పని ఇలా ఉండేది. నునుపు కాగితం రంగును పట్టదు కాబట్టి మాట్ కాగితం మీద ప్రింటు తీసేవాళ్లం. వీలైతే ముందు సెపియా చేసేవాళ్లం, ఎందుకంటే నల్లటి నీడల మీద అద్దిన రంగు మురికిగా కనిపిస్తుంది, గోధుమరంగు నీడల మీద చర్మంలో కలిసిపోతుంది. పుల్లకు దూది చుట్టి, రంగులో ముంచి, సగం తుడిచేసి, అప్పుడు బుగ్గ మీద గుండ్రంగా తిప్పాలి. మొట్టమొదట అద్దేది ఎప్పుడూ చర్మం రంగే. తరువాత పెదవి, ఆ తరువాత కుంకుమ, నగలకు బంగారు పసుపు, చివరికి చీర అంచు. తీరిక లేకనో, డబ్బు తక్కువిచ్చారనో కుర్రవాళ్లు కుంకుమ, నగలు మాత్రం అద్ది వదిలేస్తే మా నాన్నగారు ఆ ప్రింటును తిరిగి బల్ల మీద పెట్టేవారు. ముఖం చల్లగా ఉండి బొట్టు వెచ్చగా ఉంటే ఆ బొట్టు మనిషిది కాదు, కాగితానిది అనేవారు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మేము లేని రంగును తెచ్చి పోసేవాళ్లం, మనిషికి ప్రాణం పొయ్యాలన్న ఆరాటంతో. ఇప్పుడు ఉన్న రంగును తోడేస్తున్నారు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా పని నడిచే దిక్కు వేరు.

మబ్బువాన:
నాకు పుట్టుకతో ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. కల్లంగట్టు గారి మాటకు నా వంతు సాక్ష్యం చెప్పాలనిపించింది. ఆకుల మధ్య మిరపకాయ నాకు ఆకుల రంగులోనే, కొంచెం ముదురుగా కనిపిస్తుంది. ఆకులను తటస్థమైన బూడిద రంగులోకి మార్చి కాయను వదిలేస్తే, కాయ నాకు మట్టి రంగులోనైనా విడిగా కనిపిస్తుంది. మిగతావారు గుడిలో, తోటలో ఏం చూసి ముచ్చటపడతారో ఇలాంటి ఫోటోల్లోనే నాకు మొదటిసారి అర్థమైంది. ఈ పద్ధతి వల్ల ఎవరికీ ఉపయోగం లేదని మాత్రం దయచేసి అనవద్దు.

బొమ్మలబల్ల:
నేను పత్రికలో ఫోటో డెస్కు మీద పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మబ్బువాన గారి అనుభవాన్ని గౌరవిస్తూనే, కల్లంగట్టు గారి ఫోటో వంటివి వార్తగా మా దగ్గరకు వస్తే తీసుకోలేమని చెప్పాలి. మొత్తం ఫోటోను నలుపు తెలుపు చేయడం పాఠకుడికి తెలిసిన ఒప్పందం; రంగు లేదని అతనికి వెంటనే అర్థమవుతుంది, ఉన్నదాన్ని బట్టి చదువుకుంటాడు. వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీ నియమాలు కూడా పూర్తి నలుపు తెలుపు మార్పిడిని ఒప్పుకుంటాయి గానీ, రంగులు అసలు రంగుల నుంచి గణనీయంగా మారిపోవడాన్ని ఒప్పుకోవు. ఒక భాగంలో రంగు ఉంచి మరో భాగంలో తీసేస్తే, ఎక్కడ చూడాలో పాఠకుడి తరఫున మనమే తేల్చేసినట్టవుతుంది. ఆ కల్లం ఫోటోలో ఎండలో కూర్చున్న మనిషి ముఖం బూడిద రంగులోకి వెళ్లింది, ఆవిడ ఏరుతున్న సరుకు మాత్రం మెరుస్తోంది. కూలి మనిషి కన్నా కాయ ముఖ్యమని ఆ ఫోటో చెబుతోందని నేనంటే, మీరు కాదని ఎలా రుజువు చేస్తారు?

ఈ పద్ధతిని సమర్థించేవారు తరచూ 1993లో వచ్చిన షిండ్లర్స్ లిస్ట్ చిత్రంలోని ఎర్ర కోటు పాపను ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ మూడు గంటలకు పైగా సాగే చిత్రం దాదాపు మొత్తం నలుపు తెలుపులోనే ఉంది. ఆ లోకానికి అలవాటుపడిన కంటికి ఎరుపు ఒక గాయంలా తగులుతుంది. పెళ్లి ఆల్బమ్‌లో ముందు పుటా వెనక పుటా రంగుల్లో కళకళలాడుతుండగా మధ్యలో ఒక పుట బూడిద రంగులో ఉంటే, అలాంటి కారణం ఏదీ అక్కడ దొరకదు.

కల్లంగట్టు:
బొమ్మలబల్ల గారూ, ముఖం సంగతి మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. నిన్న రాత్రి అసలు ఫైలు తెరిచి మళ్లీ మొదటి నుంచి చేశాను. చీర ఆకుపచ్చను, పట్టా నీలాన్ని, బిందె గులాబీని దాదాపు మూడో వంతుకు తగ్గించి, చర్మాన్ని, కాయలను అలాగే వదిలేశాను. ముఖం తిరిగి వచ్చింది, అది మంచిదే. అయితే తాలు కాయ మళ్లీ సగం దాగిపోయింది, ఎందుకంటే దాని పాలిపోయిన పసుపు ఆవిడ అరచేతి రంగులో కలిసిపోతోంది. రెండు ప్రతులూ జతచేశాను. వార్తకైతే రెండోది ఇస్తాను. నా గోడ మీద మాత్రం మొదటిదే ఉంటుంది. ఆ ఒక్క కాయ కోసమే నేను ఆ ఫోటో తీశాను మరి.

ఏకవర్ణం:
పోటీలకు పంపేవారికి ఒక హెచ్చరిక. నేను ఒకసారి పేరు చెప్పని ఒక క్లబ్బు సలోన్‌లో (ఫోటో పోటీలో) మోనోక్రోమ్, అంటే ఏకవర్ణ, విభాగానికి ఎర్ర గొడుగు ఒక్కటే రంగులో ఉన్న చిత్రం పంపితే, న్యాయనిర్ణేతల దాకా కూడా వెళ్లకుండా తిరిగి వచ్చింది. అంతర్జాతీయ ఫోటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నిర్వచనం ప్రకారం, నలుపు తెలుపు చిత్రం మొత్తాన్ని ఒకే రంగు ఛాయలోకి మార్చితే అది మోనోక్రోమ్‌గానే ఉంటుంది. పాక్షికంగా ఛాయ వేసినా, ఒక రంగు చేర్చినా అది వర్ణచిత్రం అవుతుంది, కలర్ విభాగంలోనే నిలబడాలి. కలర్ విభాగంలో నిలబడాలంటే మిగతా రంగులు ఎందుకు లేవో ఆ చిత్రమే చెప్పగలగాలి. నా గొడుగు చెప్పలేకపోయింది.

గోరింట:
అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు డిజైనరుతో మాట్లాడాను. ఆయన చెప్పిన కారణం నేను ఊహించనిది. మండపం వెనక పెట్టిన ఎల్‌ఈడీ దీపాల ఊదా కాంతి మధుపర్కాల తెల్లటి బట్ట మీదంతా పడిందనీ, ఎంత సవరించినా పోవడం లేదనీ, అందుకే రంగు తీసేసి పారాణిని నిలబెట్టాననీ అన్నారు. నేను పెట్టిన రంగుల ప్రతిలో కింది మూల చూడండి, బట్ట మడతల్లో ఆ ఊదా కనిపిస్తుంది. అంటే ఇది అలంకారం కోసం చేసిన పని కాదు, మరకను దాచడానికి చేసింది. ఆయన మీద నాకున్న కోపం తగ్గింది గానీ, ఆ బూడిద మాత్రం అలాగే ఉంది. దీనికి దారి ఏమైనా ఉందా?

సున్నానుంచి255:
ఉంది. మీకు అనుకూలమైన విషయం ఒకటి కూడా ఉంది. పారాణిలోనూ పసుపులోనూ చర్మంలోనూ నీలం, ఊదా వర్గాల రంగు దాదాపు ఉండదు. కాబట్టి రంగుల వారీ స్లైడర్లలో నీలం, ఊదా, మెజెంటాల గాఢతను మాత్రం బాగా తగ్గించమనండి. పాదం చెక్కుచెదరదు, బట్ట తెల్లబడుతుంది. ఊదా కాంతి నేరుగా మడమ మీద పడిన చోట కొంచెం మచ్చ మిగలవచ్చు, దాన్ని కుంచెతో విడిగా సరిచేయాలి. ఫోటోగ్రాఫరు దగ్గర 'రా' ఫైలు (కెమెరా పట్టినది కుదించకుండా దాచిన మూల ఫైలు) ఉంటే అదే అడిగి తీసుకోండి. మామూలుగా ఫోటోను జేపెగ్‌గా, అంటే కుదించిన ఫైలుగా, దాచేటప్పుడు వెలుగు వివరాలను పూర్తిగా ఉంచి, రంగు వివరాలను సగం స్పష్టతకు కుదించడం పరిపాటి. దాని వల్ల పారాణి అంచు దగ్గర రంగు ఒకటి రెండు పిక్సెళ్లు పక్కకు కారుతుంది, సన్నటి గీతల దగ్గర అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

డిజైనరు ఇచ్చిన ప్రతిని నాలుగు వందల శాతం పెద్దది చేసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. బొటనవేలి పక్కన పారాణి ఒక్కసారిగా ఆగిపోదు; ఎరుపు, కాషాయం, పసుపు, చర్మం ఒకదాంట్లోకి ఒకటి జారుతాయి. మన చర్మం రంగు కూడా ఎరుపుకూ పసుపుకూ మధ్యలోనే ఉంటుంది. అందువల్ల ఎక్కడ కోయాలో సాఫ్ట్‌వేరుకు తెలియక, కత్తిరించి అతికించినట్టు ఒక గట్టి అంచు వచ్చింది. పైగా తడి పారాణి ఎరుపు రాతి మీద ప్రతిఫలించి ఒక సన్నటి ఎర్ర నీడ పడింది. రంగుల ప్రతిలో ఉన్న ఆ నీడను తీసేయడంతో పాదం రాతి మీద ఆనినట్టు లేదు, తేలుతున్నట్టుంది.

చీకటిగది:
సున్నానుంచి255 గారు చివర చెప్పిన మాట నన్ను ఆగనివ్వడం లేదు. ఎరుపు ఎక్కడ ఆగుతుందో, పసుపు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదన్నారు. తెలియదు, ఎందుకంటే రెండూ ఒక్కటే. ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది గానీ, మా ఇళ్లలో పారాణి కలిపేటప్పుడు పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, చిటికెడు సున్నం వేసేవారు. వేలితో ఒక్కసారి తిప్పగానే పసుపు కాస్తా ఎర్రబడేది. పిల్లలం చుట్టూ మూగి ఆ మార్పు కోసమే చూసేవాళ్లం. ఆ పాదం మీద ఉన్నవి పసుపూ, దాని నుంచే పుట్టిన ఎరుపూ. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తీసేయమంటే ఏ యంత్రమైనా తికమకపడుతుంది.

కల్లంగట్టు గారి కాయ సంగతి వేరు. అక్కడ రంగు పోయినదాన్నే ఆవిడ వెతుకుతోంది, కాబట్టి రంగు తీయడానికి ఒక అర్థం కుదిరింది. ఆయన తన గోడ మీద పెట్టుకున్నది తప్పని నేను అనను.

గోరింట:
ఫోటోగ్రాఫరు దగ్గర రా ఫైలు దొరికింది. డిజైనరు ఎదురుగా నేనే కూర్చుని, ఊదా, నీలం గాఢతను బాగా తగ్గించి, ఎరుపుల్లో సయాన్ కొద్దిగా తీయించాను. మడమ దగ్గర మచ్చ కొంచెం మిగిలింది, అది నాకు తెలుసు కాబట్టి నాకే కనిపిస్తుంది. బట్ట తెల్లగా వచ్చింది, పాదం రాతి మీద ఆనింది, ఎర్ర నీడ కూడా ఉంది. పన్నెండు అంగుళాల ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను.

నాయనమ్మ ప్రింటును కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసి, "పసుపు కాస్త పలచగా రాశారు, మీ అత్తయ్య రాసి ఉంటుంది" అన్నారు. నిజమే, అత్తయ్యే రాసింది. చెల్లెలికి మాత్రం ఇప్పటికీ పాత ప్రతే ఇష్టం, తన ఫోనులో అదే ఉంచుకుంటానంది, ఉంచుకోనిచ్చాం. ఆల్బమ్‌లోకి రంగుల ప్రతి వెళ్తోంది. రేపు ఉదయం అచ్చుకు పంపుతున్నాం.